బ్రాంచి లైను

(జోనల్ కార్యాలయం ఆధ్వర్యంలో జరిగిన సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో ఒక విశ్రాంత అధికారి చేసిన ప్రసంగ పాఠం)



"లండన్ బ్రాంచిలో పనిచేశారు కదా, ఆ విశేషాలు ఏమైనా చెప్పండి" అని కార్యదర్శిగారు అడిగారు. లండన్ విశేషాలు మీరందరూ టీవీలో చూసినవే. అందుకని నేను అక్కడి పాత రైళ్ల గురించి, ఒక ఫొటో గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల్లో కూడా బొగ్గుపొడి ఉండేది. సెలవు రోజు నన్ను షెడ్డు దగ్గరికి తీసుకెళ్లి, ఇంజను పక్కన ఉండే ఇత్తడి ప్లేటు మీద నా వేలు ఆనించి అక్షరాలు చదివించేవాడు. నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ, గ్లాస్గో. "ఒరే, ఇది పుట్టిన ఊరు అదిరా" అనేవాడు. నాకు ఇంగ్లీషు అక్షరాలు బడికంటే ముందు ఆ ప్లేటు నేర్పింది. అందుకే 1980ల్లో లండన్ పోస్టింగు వచ్చినప్పుడు అందరూ పౌండ్ల గురించి మాట్లాడుకుంటే, నా మనసు రైళ్ల మీదికి పోయింది.

తీరా వెళ్లాక తెలిసింది, గ్లాస్గోలో ఆ కంపెనీ 1962లోనే మూతపడిందని. ఆవిరి ఇంజన్లు కూడా లేవు. బ్రిటిష్ రైల్వే తన కోసం కట్టుకున్న చివరి ఆవిరి ఇంజను 'ఈవెనింగ్ స్టార్' 1960లో స్విండన్‌లో తయారైంది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకే, 1968 ఆగస్టు 11న, మెయిన్ లైను మీద చివరి ఆవిరి రైలు లివర్‌పూల్ నుంచి కార్లైల్‌కు వెళ్లి వచ్చింది. టిక్కెట్టు 15 గినీలు. అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. అయినా రైలు నిండిపోయింది. దారి పొడుగునా గట్ల మీద, వంతెనల మీద జనం కెమెరాలు పట్టుకుని నిలబడ్డారు.

ఆ దేశంలో రైలు ఫొటోలంటే ఉన్న ఇష్టం మనకు వింతగా ఉంటుంది. 1942లో ఇయాన్ అలెన్ అనే రైల్వే గుమాస్తా ఇంజన్ల నంబర్ల జాబితాను చిన్న పుస్తకంగా వేశాడు. ఇక పిల్లలంతా ప్లాట్‌ఫారం చివర నిలబడి, చూసిన నంబరు కింద గీత గీసుకోవడం మొదలుపెట్టారు. ఎరిక్ ట్రేసీ అని వేక్‌ఫీల్డ్‌కు బిషప్‌గా చేసిన ఒక మతగురువు జీవితమంతా రైళ్లను ఫొటోలు తీశారు. 1978 మేలో, ఆపిల్‌బీ స్టేషన్లో, ఇందాక చెప్పిన ఈవెనింగ్ స్టార్ రాక కోసం కెమెరాతో ఎదురుచూస్తూనే కన్నుమూశారు. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

ఆ ఆపిల్‌బీ మీదుగా వెళ్లే సెటిల్–కార్లైల్ లైను మూసేస్తారన్న గొడవ నేను అక్కడ ఉన్నప్పుడే జరిగింది. పోయేలోగా ఒకసారి చూద్దామని ఒక శనివారం లీడ్స్‌లో రైలెక్కాను. కొండలు, గొర్రెలు, రాళ్లు పేర్చిన గోడలు. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల పెద్ద వంతెన. దాని మరమ్మతుకు డబ్బు లేదన్నదే లైను మూసివేతకు చెప్పిన ముఖ్య కారణం.

నా ఎదురు సీట్లో ఒక పెద్దాయన. సిగ్నల్‌మన్‌గా చేసి రిటైరయ్యారట. వారిది స్కాట్లండ్ సరిహద్దుల్లోని హాయిక్ అనే ఊరు. కార్లైల్‌లో దిగి ఇంటికి బస్సెక్కాలి. "మా ఊరికి రైలు లేదు. ఉండేది" అన్నారు. కార్లైల్ నుంచి ఎడిన్‌బరో దాకా 98 మైళ్ల లైను. 1969 జనవరిలో మూసేశారు. చివరి రాత్రి రైలును న్యూకాసిల్టన్ అనే పల్లెలో జనం గేటు వేసి ఆపేశారు. ఊరి చర్చి గురువును పోలీసులు పట్టుకెళ్లారు. రైల్లోనే ఉన్న పార్లమెంటు సభ్యుడు డేవిడ్ స్టీల్ దిగి నచ్చజెబితే గాని గేటు తెరుచుకోలేదు.

మా నాన్న సంగతి చెప్పగానే ఆయన సంచిలోంచి ఆల్బమ్ తీశారు. అన్నీ నలుపు తెలుపు ఫొటోలు. ప్రతి ఫొటో వెనక పెన్సిల్‌తో తేదీ, ఇంజను నంబరు, రైలు వేళ. ఒక్క ఫొటోలో మాత్రం రైలు లేదు. ఖాళీ ప్లాట్‌ఫారం, పాల క్యాన్లు, బల్ల మీద బుట్టతో ఒక ముసలామె. "అన్నీ ఇంజన్లే తీశాను. నాతో ఇరవై ఏళ్లు పనిచేసిన బుకింగ్ క్లర్కుకు ఒక్క ఫొటో తీయలేదు. ఎక్కేవాళ్లకు, దిగేవాళ్లకు తీయలేదు. ఇది కూడా రైలు ఆలస్యమైంది కనుక తీశాను" అన్నారు. దాని కాపీ తర్వాత నాకు పోస్టులో పంపారు. ఇదిగో, ఇదే ఆ ఫొటో.

అసలు ఆ లైన్లన్నీ ఎందుకు పోయాయి? బ్యాంకువాళ్లం కాబట్టి మనకు తొందరగా అర్థమవుతుంది. రైల్వేకు నష్టాలు పెరిగిపోతుంటే ప్రభుత్వం డాక్టర్ రిచర్డ్ బీచింగ్‌ను తీసుకొచ్చింది. 1963 మార్చిలో ఆయన నివేదిక ఇచ్చారు. 2,363 స్టేషన్లు, సుమారు 5,000 మైళ్ల లైన్లు మూసేయాలన్నారు. ఆయన చెప్పినదంతా తప్పని నేను అనను. మొత్తం లైన్లలో మూడో వంతు మీద ప్రయాణికుల రాకపోకలు నూటికి ఒక్క వంతు మాత్రమేనన్నది నిజం. కంటైనర్ గూడ్సు రైళ్ల ఆలోచన కూడా ఆ నివేదికలో ఉన్నదే.

చిక్కల్లా లెక్క కట్టిన తీరులో వచ్చింది. ఏప్రిల్లో ఒక్క వారం రాకపోకలు లెక్కపెట్టారు. టిక్కెట్టు ఏ స్టేషన్లో అమ్మితే ఆదాయం ఆ స్టేషన్‌దే. పట్నంలో టిక్కెట్టు కొని సముద్రతీరపు ఊళ్లో దిగే వేలమంది ఆ చిన్న స్టేషను ఖాతాలోకి రారు. పైగా బ్రాంచి లైను మూస్తే జనం పెద్ద స్టేషన్‌కు వచ్చి రైలెక్కుతారని అనుకున్నారు. చాలామంది కారు కొనుక్కుని అటునుంచి అటే వెళ్లిపోయారు. చిన్న లైనుతోపాటు పెద్ద లైనుకు వచ్చే ఆదాయమూ తగ్గింది. రైల్వే నష్టాలు మాత్రం పోలేదు.

ఇదంతా తెలిసి కూడా నేను అదే పని చేశాను.

1990ల్లో నష్టాల గ్రామీణ శాఖల గురించి అన్ని బ్యాంకుల్లోనూ చర్చ జరుగుతున్న రోజులు. ఒక పల్లె శాఖ మీద నివేదిక ఇమ్మని నాకు అప్పగించారు. ఆ ఊరి పేరు చెప్పను. ఒక వారం అక్కడ కూర్చుని వోచర్లు లెక్కపెట్టాను. అది ఎండాకాలం. పంట అమ్మకాలు అయిపోయాయి, కొత్త రుణాలు మొదలవలేదు. కౌంటర్ ఖాళీ. పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న టౌను శాఖలో కలిపేయవచ్చని రాశాను. కలిపేశారు. నివేదిక బాగుందని మెచ్చుకున్నారు కూడా.

రెండేళ్ల తర్వాత టౌను శాఖకు తనిఖీకి వెళ్లాను. క్యూలో ఒకావిడ నన్ను గుర్తుపట్టింది. "మా ఊళ్లో కూకుని కాయితాలు లెక్కెట్టిన సారు మీరే కదూ" అంది. భర్త పెన్షన్ కోసం నెలనెలా బస్సులో వస్తోందట. చార్జీలు పోను, ఒక పూట కూలి పోను మిగిలింది పట్టుకెళ్తోంది. పాస్ బుక్కు కొంగున కట్టుకుని ఉంది. ఆవిడ కోప్పడలేదు. "మళ్లీ ఎప్పుడు తెరుస్తారు సారూ?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత విచారిస్తే తెలిసింది. డ్వాక్రా మహిళల పొదుపు చాలావరకు పోస్టాఫీసుకు, కొంత వడ్డీ వ్యాపారి చేతుల్లోకి వెళ్లిపోయింది. టౌను శాఖకు వచ్చింది తక్కువే. ఆ రాత్రి ఇంటికొచ్చి ఈ ఫొటో తీసి చూశాను. బల్ల మీద బుట్టతో ఉన్న ముసలామెను అప్పుడు సరిగా చూశాను.

సెటిల్–కార్లైల్ లైను కథ మాత్రం వేరుగా ముగిసింది. 22 వేలకు పైగా అభ్యంతరాలు వెళ్లాయి. అందులో ఒకటి రస్‌వార్ప్ అనే కుక్కది! దానికీ టిక్కెట్టు కొంటున్నారు కనుక అది కూడా ప్రయాణికుడేనని, దాని పాదముద్రను అభ్యంతరంగా స్వీకరించారు. పిల్లలు నవ్వుతున్నారు కానీ, గార్స్‌డేల్ స్టేషన్లో ఇప్పుడు దానికి కంచు విగ్రహం ఉంది. 1989 ఏప్రిల్లో లైను మూయడం లేదని ప్రభుత్వం ప్రకటించింది. 2015 సెప్టెంబరులో ఎడిన్‌బరో నుంచి ట్వీడ్‌బ్యాంక్ దాకా పాత లైనులో కొంత భాగం కూడా మళ్లీ తెరిచారు. మొదటి ఏడాదే పది లక్షలకు పైగా ప్రయాణాలు జరిగాయి. అయితే ఆ లైను నా మిత్రుడి హాయిక్ దాకా రాలేదు.

మా పల్లెకు 22 వేల సంతకాలు ఎక్కడినుంచి వస్తాయి? ఊరి జనాభాయే రెండు వేలు. అలాంటి ఊరి తరఫున అభ్యంతరం రాయాల్సింది నివేదిక రాసేవాడే. ఆ తర్వాత నాకు అలాంటి పని అప్పగించినప్పుడల్లా ఒక సంత రోజు, ఒక పెన్షన్ రోజు, ఒక పంట రోజు చూడకుండా సంతకం పెట్టలేదు. కొన్ని శాఖలను అప్పుడు కూడా కలపమనే రాశాను. కానీ ఎవరు ఎంత దూరం నడవాల్సి వస్తుందో కూడా రాశాను.

ఇక్కడున్న యువ అధికారులకు చిన్న మనవి. మీ శాఖ ప్రారంభోత్సవం ఫొటోలు, చైర్మన్‌గారితో దిగిన ఫొటోలు ఎలాగూ ఉంటాయి. మామూలు మంగళవారం నాటి మీ కౌంటర్‌ను, మీ ప్యూన్‌ను, క్యూలో ఉన్నవాళ్లను అడిగి ఒక ఫొటో తీయండి. వెనక తేదీ రాయండి.

ఆఖరుగా నా స్వార్థం ఒకటి. మా నాన్న ఇంజను మీద ఉన్న ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో కెమెరా ఎవరి దగ్గర ఉంది? మీలో రైల్వే కుటుంబాల నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. మీ ఇళ్లలో, మీ పెద్దవాళ్ల ట్రంకు పెట్టెల్లో బిట్రగుంట షెడ్డు పాత ఫొటో ఏదైనా ఉంటే నాకు ఒకసారి చూపించండి. ఇంజను ఏదైనా పరవాలేదు. పక్కన నిలబడ్డవాళ్లలో మసి కనుబొమ్మల మనిషి ఎవరైనా ఉన్నారేమో చూసుకుంటాను.