తాగుడు ఒక్కటి పోతే చాలదు: ఫ్రాన్సెస్ హార్పర్ జీవితం

(దళిత మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1873లో జోతిరావు ఫూలే 'గులాంగిరి' రాసి, బానిసత్వం రద్దు కోసం పాటుపడ్డ అమెరికా జనానికి అంకితమిచ్చాడు. సముద్రాల అవతల సంకెళ్లు తెంచినవాళ్లలో ఆయన మన చుట్టాల్ని చూశాడు. ఎవరా చుట్టాలు? బడి పాఠాల్లో లింకన్ వస్తాడు. తమ సంకెళ్లు తామే తెంచుకున్న నల్లవాళ్లు రారు. అందులో ఆడవాళ్లు అసలే రారు. అట్లా మన దాకా రాకుండా ఆగిపోయిన ఒక తల్లి గురించి ఈరోజు మేము చెప్పదల్చుకున్నాం. ఆమె పేరు ఫ్రాన్సెస్ ఎలెన్ వాట్కిన్స్ హార్పర్. టీచరు, కవి, ఊరూరా తిరిగి మాట్లాడిన మనిషి. చర్చి పనికీ, మద్యం మీద పోరుకీ జీవితం ఇచ్చిన మనిషి.

చర్చి, మద్యనిషేధం అనగానే మన మిత్రులు కొందరు పెదవి విరుస్తారు. అవి సంస్కరణ పనులే గానీ పోరాటం కాదంటారు. తాగొద్దని చెప్పడం నీతిబోధ అంటారు. కూలిడబ్బులు ఇంటికి చేరకముందే దుకాణంలో ఖర్చయిపోయే ఇంట్లో బతికే ఆడమనిషి ఆ మాట అనదు. హార్పర్ కూడా అనలేదు. ఎందుకో ఆమె బతుకు చూస్తే తెలుస్తుంది.

ఆమె 1825లో మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో పుట్టింది. అది బానిసల్ని ఉంచుకునే రాష్ట్రం. ఆమె తల్లిదండ్రులు మాత్రం బానిసలు కారు. మూడేళ్లకే తల్లీ తండ్రీ లేని పిల్ల అయింది. దగ్గరి బంధువు విలియం వాట్కిన్స్ పెంచాడు. ఆయన బోధకుడు, నల్లపిల్లల కోసం సొంతంగా బడి నడిపినవాడు. ఆ బడిలోనే చదివింది. పద్నాలుగేళ్లు నిండీ నిండకముందే పనికి పోవాల్సొచ్చింది. ఒక పుస్తకాల వ్యాపారి ఇంట్లో కుట్టుపని, పిల్లల్ని చూసుకునే పని. పని తీరాక ఆ ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ చదివింది. ఇంటిపని చేసుకుంటూ అక్షరం వెంటబడడం అంటే ఏంటో ఇక్కడ కూర్చున్న చాలామందికి మేము చెప్పక్కర్లేదు.

1850లో ఒహాయో రాష్ట్రంలోని యూనియన్ సెమినరీ అనే బడికి మొదటి మహిళా టీచరుగా వెళ్లింది. ఆ బడి ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిది. ఆ చర్చి ఎట్లా పుట్టిందో వినండి. ఫిలడెల్ఫియాలో తెల్లవాళ్ల చర్చిలో మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుంటున్న నల్లవాళ్లని, మీ చోటు ఇది కాదని లేపి లాగేశారు. వాళ్లు బయటికి నడిచారు. రిచర్డ్ అలెన్ ముందుండి నడిపాడు. 1816 నాటికి అది దేశంలో నల్లవాళ్ల సొంత చర్చి సంస్థగా నిలబడింది. అంటే దేవుడి ముందు కూడా వరస వేరంటే ఒప్పుకోమన్న వాళ్ల చర్చి అది. మన దగ్గర చర్చిల్లో పెద్దకులాల విశ్వాసులకు ఒక పక్క, మాల మాదిగలకు ఇంకో పక్క ఉన్న సంగతీ, కొన్నిచోట్ల సమాధుల దొడ్లు కూడా వేరైన సంగతీ తెలిసినవాళ్లకి ఈ కథ కొత్తగా ఉండదు.

అంతలో మేరీలాండ్‌లో ఒక చట్టం వచ్చింది. ఉత్తరాది రాష్ట్రాల నుంచి స్వతంత్ర నల్లవాళ్లు ఎవరైనా అక్కడికి అడుగుపెడితే పట్టుకుని బానిసలుగా అమ్మొచ్చు. ఆ చట్టం సంగతి తెలియక పోయిన ఒకతన్ని జార్జియాకి అమ్మేశారు. అతను ఓడలో దాక్కుని పారిపోబోతే మళ్లీ పట్టుకున్నారు. చివరికి చచ్చిపోయాడు. ఈ కబురు విన్నాక హార్పర్ బతుకు దారి మారిపోయింది. పుట్టిన ఊరికి తను కూడా తిరిగి పోలేదు. పోతే అమ్ముడుపోతుంది. టీచరు పని వదిలి బానిసత్వం మీద పోరుకి అంకితమైంది.

1854లో ఆమె కవితల పుస్తకం వచ్చింది. అదే ఏడు మెయిన్ రాష్ట్రపు బానిసత్వ వ్యతిరేక సంఘం తరఫున ఊరూరా ఉపన్యాసాలు మొదలుపెట్టింది. ఆడవాళ్లు సభలో నోరు తెరవడమే తప్పనుకునే కాలం. పుస్తకాలమ్మిన డబ్బులో, ఉపన్యాసాల డబ్బులో కొంత, పారిపోయి వచ్చే బానిసల్ని దాటించే విలియం స్టిల్‌కి పంపేది. బానిసలు పండించిన పత్తితో నేసిన బట్ట కొనొద్దనేది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. అన్యాయం లాభం మీద బతుకుతుంది. కొనడం మానేస్తే ఆ లాభానికి గండి పడుతుంది. తర్వాత మద్యం సీసా గురించి ఆమె చేసిన పని వెనక కూడా ఈ లెక్కే ఉందని మేము అర్థం చేసుకున్నాం. బానిస వ్యాపారి మనిషిని అమ్ముకున్నాడు. మద్యం వ్యాపారి మనిషి కష్టాన్ని, పిల్లల కంచంలో కూడుని అమ్ముకుంటాడు.

1860లో ఫెంటన్ హార్పర్ అనే అతన్ని పెళ్లి చేసుకుంది. కొలంబస్ దగ్గర చిన్న పొలం, పాడి. ఒక కూతురు పుట్టింది. 1864లో భర్త చచ్చిపోయాడు. అప్పులోళ్లు వచ్చి పొలం, సామాను ఊడ్చుకుపోయారు. పాలకుండలు, బట్టలుతికే తొట్లు కూడా మిగల్చలేదు. 1866లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా హక్కుల మహాసభలో ఆమె ఈ సంగతే చెప్పింది. భర్త బదులు తను చచ్చిపోయి ఉంటే ఇట్లా జరిగేదా అని అడిగింది. అక్కడితో ఆగలేదు. ట్రాము బండిలో నల్ల ఆడదాన్ని దింపేస్తుంటే తెల్ల అక్కచెల్లెళ్లు ఏం చేస్తున్నారని నిలదీసింది. ఆడవాళ్ల హక్కులంటున్నారు గదా, ఆ ఆడవాళ్లలో మేం ఉన్నామా అన్నది ఆమె ప్రశ్న.

బానిసత్వం రద్దయ్యాక దక్షిణాది రాష్ట్రాలకి పోయింది. 1867 నుంచి 1871 వరకు ఎక్కువ కాలం అక్కడే. విడుదలైన వాళ్ల గుడిసెల్లో ఉంది, వాళ్ల చర్చిల్లో మాట్లాడింది. ఆడవాళ్లకి విడిగా సభలు పెట్టింది. వాళ్ల దగ్గర డబ్బు తీసుకోలేదు. పెళ్లాల్ని కొట్టే మగాళ్లని సభలోనే మందలించింది. బయట దొర మీద పోరు చేసినవాడు ఇంట్లో దొర కాకూడదు. ఈ మాట మన సంఘాల్లో ఇప్పటికీ గట్టిగా చెప్పలేకపోతున్నాం.

తర్వాత ఫిలడెల్ఫియాలో స్థిరపడింది. యూనిటేరియన్ చర్చిలో సభ్యురాలు. అయినా నల్లవాళ్ల మెథడిస్టు చర్చిల్లో ఆదివారపు బడి పని వదల్లేదు. ఆ చర్చి పత్రికలో తాగుడు మీద నవల రాసింది. 1874లో అమెరికాలో క్రైస్తవ మహిళా మద్యనిషేధ సంఘం పుట్టింది. దేశంలోనే పెద్ద మహిళా సంఘం అయింది. అందులో నల్లవాళ్ల మధ్య పని చూసే జాతీయ బాధ్యత 1883 నుంచి 1890 దాకా హార్పర్‌ది.

ఆ సంఘంలో ఏం జరిగింది? దక్షిణాదిలో నల్ల ఆడవాళ్లకి వేరే శాఖలు. మద్యం మీద అందరం ఒకటే, కూర్చోవడానికి మాత్రం వరసలు వేరు. 1888లో హార్పర్ నల్లవాళ్ల చర్చి పత్రికలో ఈ సంగతి మీదే వ్యాసం రాసింది. నల్ల ఆడవాళ్లకి ఆ సంఘం అవసరం ఎంతో చెప్పింది. తోలు రంగు చూసి దూరం పెట్టేవాళ్ల క్రైస్తవం ఏపాటిదో కూడా అడిగింది. 1890లో ఆ సంఘం అధ్యక్షురాలు ఫ్రాన్సెస్ విల్లార్డ్ ఒక పత్రికతో మాట్లాడుతూ, నల్లవాళ్ల బలమంతా సారాకొట్టులో ఉందనీ, వాళ్లవల్ల తెల్ల ఆడవాళ్లకి భయమనీ అంది. నల్లవాళ్లని చెట్లకి వేలాడదీసి చంపుతున్న రోజులవి. ఐడా బి. వెల్స్ అనే నల్లజాతి పత్రికా రచయిత్రి ఈ మాటల్ని ఇంగ్లండులో బయటపెట్టి విల్లార్డ్‌ని నిలదీసింది.

వెల్స్ బయట నిలబడి కొట్టింది. హార్పర్ లోపల కూర్చుని పోట్లాడింది. ఏది సరైన దారి? ఈ తగువు మనకీ ఉంది. మా ఉద్దేశం ఏమంటే, ఇద్దరిలో ఎవరూ నోరు మూసుకోలేదు, అదే అసలు సంగతి. 1893లో చికాగో మహిళా మహాసభలో హార్పర్, మనుషుల్ని గుంపుగా చంపేవాళ్లకి ఓటు ఎందుకని అడిగింది. 1896లో నల్ల ఆడవాళ్లు తమ సొంత జాతీయ సంఘం పెట్టుకున్నప్పుడు హార్పర్, వెల్స్ ఇద్దరూ అందులో ఉన్నారు. మరుసటేడు హార్పర్‌ని ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. 1911 ఫిబ్రవరి 22న ఆమె చనిపోయింది. 1920లో అక్కడ మద్యనిషేధం వచ్చింది, 1933లో పోయింది. ఆమె అడిగిన ప్రశ్నలు మాత్రం అట్లానే నిలిచాయి.

మనకీ ఇట్లాంటి చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో అది సడలిపోవడం. రోసమ్మ పేరు మనకి తెలుసు. ఆమెతోపాటు సారా బండ్లకి అడ్డం పడుకున్న, దెబ్బలు తిన్న కూలి ఆడవాళ్ల పేర్లు ఎన్ని తెలుసు? వాళ్లలో మాల, మాదిగ ఆడవాళ్లు ఎందరు? పోరు చేసింది వాడ. పేరు వచ్చినప్పుడు, పదవి వచ్చినప్పుడు ఎవరింటికి పోయింది?

అందుకని మేము చెప్పేది ఒకటే. మద్యం మీద ఎవరు పోరు చేసినా మనం పోదాం. చర్చి పిలిచినా, మహిళా సంఘం పిలిచినా పోదాం. పోయి మూడు మాటలు అడుగుదాం. కమిటీలో మా వాడ ఆడవాళ్లు ఎందరు? మైకు ఎవరి చేతిలో? మా మీద దాడి జరిగిన రోజు మీరు మా వాడకి వస్తారా? జవాబు రాకపోతే హార్పర్‌లా లోపల కూర్చుని పోట్లాడదాం, లేదంటే వెల్స్‌లా బయటపెడదాం. చాప వేరుగా వేస్తే మాత్రం కూర్చోవద్దు.

దూబగుంట పోరులో నిలబడ్డ మన ఆడవాళ్ల పేర్లు సేకరించే పని ఈ సమావేశంలోనే మొదలుపెట్టాలని కోరుతున్నాం. వాళ్లలో చాలామంది ముసలివాళ్లయిపోయారు. రాసుకోవాల్సింది ఇప్పుడే.

జై భీమ్!