సర్వో డ్రైవుల మరమ్మతు : మన పిల్లలు నేర్చుకోదగిన విద్య

(చెన్నైలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక సర్వీసు ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆహ్వానించినప్పుడు కార్యదర్శిగారు ఒక మాట అన్నారు. "ప్రతి ఏడూ డాక్టర్లు, సాఫ్ట్‌వేరువారు వచ్చి మాట్లాడుతున్నారు. ఈసారి ఫ్యాక్టరీ పని గురించి మీరు చెప్పండి" అన్నారు. కనుక నాకు తెలిసిన పని గురించే చెబుతాను. ఫ్యాక్టరీలలో సర్వో డ్రైవులను బాగుచేయడం, అవి పాడవకుండా చూడడం నా వృత్తి.

సర్వో అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఇంట్లో అమ్మ కుళాయి కింద బిందె పెడుతుంది. కన్ను బిందె మీద ఉంటుంది, చేయి కుళాయి మీద ఉంటుంది. బిందె నిండుతుంటే ధార తగ్గిస్తుంది, అంచుదాకా రాగానే కట్టేస్తుంది. చూడడం, సరిదిద్దడం, మళ్లీ చూడడం. సర్వో చేసేదీ ఇదే. మామూలు మోటారు స్విచ్ వేస్తే తిరుగుతుంది, అంతే. సర్వో మోటారుకు ఎంత తిరగాలో, ఎంత వేగంగా తిరగాలో, ఎంత బలంతో తిరగాలో చెప్పవచ్చు. మోటారు వెనక ఉండే ఎన్‌కోడరు కన్ను లాంటిది. డ్రైవు అనే పెట్టె మెదడూ, చేయీ కూడా. మనిషి ఒకసారి కన్ను మూసి తెరిచేలోపు అది వందలసార్లు సరిచూసుకుంటుంది. సి.ఎన్.సి. లేత్ మీద మిల్లీమీటరులో నూరోవంతు తేడా లేకుండా ముక్క తయారవుతోందంటే ఇదే కారణం.

ప్లస్ టూ చదివే పిల్లలకు ఒక లెక్క చెబుతాను. మూడు ఫేజుల కరెంటు 415 వోల్టులు. దాన్ని డి.సి.గా మారిస్తే 415ను రెండు వర్గమూలంతో గుణించాలి, అంటే దాదాపు 587 వోల్టులు. మీ ఫిజిక్సు పుస్తకంలో ఉన్న సూత్రమే ఇది. డ్రైవులో ఆ 587 వోల్టులు పెద్ద పెద్ద కెపాసిటర్లలో నిలవ ఉంటాయి. ఐజీబీటీ అనే స్విచ్చులు దాన్ని సెకనుకు వేలసార్లు తునకలు చేసి మోటారుకు కావలసిన మేరకు పంపుతాయి. ఆ ఐజీబీటీని రూపొందించిన బి. జయంత్ బలిగా గారు 1948లో ఈ మద్రాసులోనే పుట్టారు. ఐఐటీ మద్రాసులో 1969లో పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్లి, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ 1980 ప్రాంతంలో దాన్ని తయారుచేశారు. 2024లో ఆయనకు ఫిన్లాండు వారి మిలీనియం టెక్నాలజీ ప్రైజు వచ్చింది. మన ఊళ్లో పుట్టి, మన ఊళ్లో చదివిన మనిషి ఆలోచన ఈ రోజు ప్రపంచంలోని ఫ్యాక్టరీలలో, రైళ్లలో, ఎలక్ట్రిక్ కార్లలో నడుస్తోంది. ఈ సంగతి పిల్లలు గుర్తుంచుకోవాలి.

ఇక ఈ పని ఎక్కడ ఉంది? మన చుట్టూనే ఉంది. గిండీ ఎస్టేటు 1958లో, అంబత్తూరు ఎస్టేటు 1964లో మొదలయ్యాయి. ఇరుంగాట్టుకోట్టైలో 1998లో హ్యుందాయ్ కార్ల తయారీ ప్రారంభమైంది. ఆ తరువాత శ్రీపెరంబుదూరు, ఒరగడం పెరిగాయి. సరిహద్దు దాటితే తడ దగ్గర శ్రీసిటీ ఉంది. పెద్ద కంపెనీలకు సొంత మెయింటెనెన్స్ విభాగాలు ఉంటాయి. కాని వాటికి విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న షాపుల సంగతి వేరు. అప్పు తెచ్చి ఒకటో రెండో మిషన్లు కొని, ఎనిమిది పది మందికి పని ఇచ్చేవారు వాళ్లు. మిషను ఆగితే ఉత్పత్తి ఆగుతుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. డ్రైవు పాతదైతే కొత్తది దొరకదు, దొరికినా వారాలు పడుతుంది. అందుకే బాగుచేయగలిగిన మనిషికి అక్కడ అంత విలువ.

డ్రైవు ఎందుకు పాడవుతుంది? నా అనుభవంలో మొదటి శత్రువు వేడి. కెపాసిటరు చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుస్సు సుమారు సగానికి పడిపోతుంది. చెన్నై మే నెల ఎండ మీకు తెలిసిందే. ప్యానెలులో ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతుంది, చిన్న ఫ్యాను అరిగి ఆగిపోతుంది. అప్పుడు చాలా షాపుల్లో ఏం చేస్తారు? ప్యానెలు తలుపు తీసి ఎదురుగా పెడెస్టల్ ఫ్యాను పెడతారు. ఆ పూటకు చల్లబడుతుంది. కాని గాలితోపాటు నూనె తుంపర, ఇనుప రజను, సముద్రపు ఉప్పుతేమ బోర్డు మీదికి చేరతాయి. ఫ్యాను ఖర్చు వందల్లో ఉంటుంది, డ్రైవు ఖర్చు వేలల్లో, లక్షల్లో ఉంటుంది. ఫిల్టరు కడగడం, ఫ్యాను వేళకు మార్చడం, పారామీటర్ల నకలు దాచుకోవడం, ఎన్‌కోడరు బ్యాటరీ పూర్తిగా దిగకముందే మార్చడం, ఇవే మెయింటెనెన్స్. చాలా మోడళ్లలో ఆ బ్యాటరీని కంట్రోలు కరెంటు ఉండగానే మార్చాలి. ఆపి మారిస్తే మిషను తన మొదటి స్థానాన్ని మరచిపోతుంది.

రెండో విషయం. డ్రైవు మీద కనిపించే అలారం జబ్బు పేరు కాదు, జ్వరం లాంటిది. జ్వరం ఎందుకు వచ్చిందో మనమే వెతకాలి. వోల్టేజి ఎక్కువైందని అలారం వస్తే ఈ.బి. లైనును తిట్టుకోనక్కర లేదు. వేగంగా తిరిగే మోటారును ఒక్కసారిగా ఆపితే అది జనరేటరులా మారి కరెంటును వెనక్కి పంపుతుంది. ఆ శక్తిని వేడిగా ఖర్చుచేసే రెసిస్టరు తెగిపోయి ఉంటే వోల్టేజి పెరిగి డ్రైవు ఆగిపోతుంది. ఒక చిన్న షాపులో ఓవర్ కరెంట్ అలారం వస్తోందని రెండుసార్లు డ్రైవు మార్చారు, అలారం పోలేదు. నేను వెళ్లి మిషను నడిపే కుర్రవాణ్ణి అడిగాను. "సార్, టేబులు ఎడమ చివరకు పోయినప్పుడే ఆగుతుంది" అన్నాడు. అక్కడ కేబులు వంగే చోట లోపలి తొడుగు అరిగిపోయి ఉంది. మీటరు తీయకముందే జవాబు ఆ కుర్రవాడి దగ్గర దొరికింది. మిషను దగ్గర రోజూ నిలబడేవాణ్ణి ముందు అడగాలి. ఇది ఏ మాన్యువల్లోనూ రాసి ఉండదు.

మూడో విషయం వరద. 2015 డిసెంబరులో, మళ్లీ 2023 డిసెంబరులో చెన్నై మునిగింది. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, కాని అంతకుముందే మన ఊరిని ముంచి వెళ్లింది. అంబత్తూరు ఎస్టేటులో ఎన్నో షాపుల్లో మిషన్లు నీళ్లలో నిలిచాయి. నీరు తీయగానే "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అనే తొందర సహజం. అక్కడే అసలు నష్టం జరుగుతుంది. తడిసిన డ్రైవు చాలాసార్లు బతుకుతుంది, తడి ఉండగా ఆన్ చేసిన డ్రైవు చాలాసార్లు కాలిపోతుంది. మెయిన్ తీసేసి, డ్రైవు విప్పి, బురదను మంచినీటితో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, మెల్లని వేడిలో పూర్తిగా ఆరబెట్టాలి. తరువాత ఒక్కొక్క భాగాన్నీ మీటరుతో చూసి, వోల్టేజి కొద్దికొద్దిగా పెంచుతూ ప్రాణం పోయాలి. ఆ కొన్ని రోజుల ఓపిక మీద ఆ షాపులో పనిచేసే కుటుంబాల జీతం ఆధారపడి ఉంటుంది.

తల్లిదండ్రులకు ఇది ప్రమాదం కాదా అనే సందేహం వస్తుంది. ప్రమాదమే, అందుకే క్రమశిక్షణ కావాలి. మెయిన్ ఆపినా కెపాసిటర్లలో చార్జి ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవు మీదే రాసి ఉంటుంది, సాధారణంగా 5 నుంచి 15 నిమిషాలు. అంతసేపూ ఆగాలి, ఆగిన తరువాత కూడా మీటరుతో చూసి నిర్ధారించుకోవాలి. చార్జి దీపం ఆరిపోయిందని చేయి పెట్టకూడదు, దీపమే పాడై ఉండవచ్చు. యజమాని పక్కన నిలబడి తొందరపెట్టినా సరే, ఆ నిమిషాలను ఎవరికీ ఇవ్వకండి. అలాగే మెగ్గరు పరీక్ష మోటారుకు మాత్రమే. కేబులు విడదీయకుండా చేస్తే దాని వోల్టేజి డ్రైవును చంపుతుంది.

ఇక చదువు. పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్స్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ కోర్సులు రెండేళ్లు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, ఆ తరువాత బి.ఇ. రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. తరమణిలో సెంట్రల్ పాలిటెక్నిక్ ఉంది, అమ్మాయిలకు అక్కడే డాక్టర్ ధర్మాంబాళ్ మహిళా పాలిటెక్నిక్ ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండు తీసుకుంటూ ఫ్యాక్టరీలో పని నేర్చుకోవచ్చు. ఈ పనికి కండబలం అంతగా అక్కరలేదు. కావలసినవి చూపు, ఓపిక, రాసుకునే అలవాటు. అమ్మాయిలు నిస్సంకోచంగా రావచ్చు.

మన పిల్లలకు ఒక సౌకర్యం కూడా ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. మాన్యువల్ ఇంగ్లీషులో చదివి, అంబత్తూరులో తమిళంలో మాట్లాడి, శ్రీసిటీలో తెలుగులో వివరించగలవాడికి పని వెతుక్కోవలసిన అవసరం తక్కువ.

తల్లిదండ్రులకు చివరగా ఒక మనవి. "రిపేరు పనా?" అని చిన్నచూపు చూడకండి. అబ్బాయికి మార్కులు తక్కువ వచ్చాయని ఈ పనిలోకి పంపకండి. ఆసక్తి ఉంటే పంపండి. పాత రేడియో విప్పే పిల్లవాణ్ణి కోప్పడకండి, ప్లగ్గు తీశాడో లేదో మాత్రం చూడండి. విద్యార్థులారా, మీకు అందిన ఈ సొమ్ములో కొంత పెట్టి ఒక మంచి మల్టీమీటరు, ఒక లావుపాటి నోటుపుస్తకం కొనుక్కోండి. బాగుచేసిన ప్రతి మిషను గురించి అందులో తేదీ వేసి రాయండి. పదేళ్ల తరువాత ఆ పుస్తకాన్ని మించిన ఆస్తి మీకు ఉండదు.