భ్రమగొలుపు మందులు – చట్టము, చికిత్స

కోఠి చదువుకొనువారి పేట. పాత పుస్తకముల దుకాణములు, ఉస్మానియా వైద్య కళాశాల అచ్చటనే యున్నవి. అచ్చటినుండి ఆబిడ్సు మీదుగా పోయినచో కొలది సేపటిలో నాంపల్లి చేరుదుము. అబ్కారీ భవనము, క్రిమినలు కోర్టులు నాంపల్లిలో గలవు. భ్రమగొలుపు మందు పుచ్చుకొన్న యువకుని దారి వైద్యుని యొద్దకు పోవచ్చును, న్యాయస్థానమునకును పోవచ్చును. రెండవదానికి వెరచి మొదటిదానికి పోవుట మానరాదని చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

2017 జూలైలో తెలంగాణ అబ్కారీ శాఖవారు హైదరాబాదులో ఎల్.ఎస్.డి. అమ్ముచున్నవారిని పట్టుకొనిరి. కొనినవారిలో పాఠశాల విద్యార్థులును గలరని అధికారులు నాడు వెల్లడించిరి. పిమ్మట చలనచిత్ర రంగమువారిని కొందరిని అబ్కారీ భవనమునకు పిలిచి ప్రశ్నించుటతో ఆ వార్త ఇంటింటను మారుమ్రోగినది. సినిమావారి ముచ్చట మిగిలినది. పిల్లల మాట మరుగున పడినది.

ఎల్.ఎస్.డి.ని 1938లో స్విట్జర్లాండునందు ఆల్బర్ట్ హాఫ్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసెను. మనస్సుపై దాని ప్రభావము 1943లో ఆయనకే తెలిసినది. గ్రాములో పదివేలవ వంతు చాలును, ఎనిమిది మొదలు పండ్రెండు గంటలవరకు మనిషి కాలమును, దూరమును, ఎత్తును సరిగా గుర్తింపలేడు. మేడమీదినుండి అడుగు ముందునకు వేయుట, రోడ్డునకు అడ్డముగా పరుగెత్తుట అట్టి స్థితిలోనే జరుగును. మనోవ్యాధి పొంచియున్నవారిలో అది బయటపడవచ్చును. రంగుకాగితపు ముక్కపై అద్ది అమ్ముదురు గనుక అందులో నున్నది ఎల్.ఎస్.డి. యేనా, ప్రాణము తీయగల మరియొక రసాయనమా యని కొనువానికి తెలియు ఉపాయము లేదు.

మన బీళ్లలో పెరుగు ఉమ్మెత్త సంగతియు చెప్పవలెను. అది మాదకద్రవ్యముల చట్టపు పట్టికలో లేదు. అంతమాత్రమున విషము విషము కాకపోదు. గింజలు తిన్నవానికి నోరు ఎండును, కంటిపాపలు విచ్చుకొనును, ఒడలు కాలిపోవును, మతి తప్పును. నేరము చేయు తలంపుతో మరియొకరికి దానిని తినిపించినచో భారతీయ న్యాయ సంహిత 123వ సెక్షను క్రింద పది సంవత్సరముల వరకు శిక్ష గలదు.

ఇక చట్టము. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద ఎల్.ఎస్.డి. వాడుటయు, దగ్గర నుంచుకొనుటయు నేరములే. రెండు మిల్లీగ్రాముల వరకు స్వల్ప పరిమాణము. దానికి ఒక సంవత్సరము వరకు కఠిన కారాగారము గాని, పదివేల రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. నూరు మిల్లీగ్రాములు దాటినచో వాణిజ్య పరిమాణము. అప్పుడు శిక్ష పదేండ్లకు తగ్గదు, ఇరువదేండ్ల వరకు పోవచ్చును, జామీను దొరకుట కడు కష్టము. మిశ్రమములో మత్తులేని పదార్థపు బరువును గూడ లెక్కింపవలెనని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పినది. కాగితముతో కూడ తూచినచో కొన్ని ముక్కలే ఆ హద్దును దాటవచ్చును. స్నేహితునికొరకు దాచిపెట్టితి ననుట సమాధానము కాదు. దాచినవాడు కూడ నేరస్థుడే.

ఇంత కఠినమైన చట్టములోను ఒక తలుపు తెరచియున్నది. వాడుకకు గాని, స్వల్ప పరిమాణమునకు గాని సంబంధించిన నేరము మోపబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వము గుర్తించిన చోట చికిత్సకు వచ్చి, దానిని పూర్తిగా పొందినచో, 64-ఎ సెక్షను అతనిని అభియోగమునుండి కాపాడును. చికిత్సను మధ్యలో విడిచినచో ఆ రక్షణ పోవచ్చును.

తోడివాడు తెలివి తప్పినప్పుడు పలువురు మొదట పోలీసులను తలచుకొని, తలుపు వేసికొని తెల్లవారువరకు చూతమందురు. ఆ జాగే ప్రాణము మీదికి తెచ్చును. ఆపదలో నున్నవానికి చట్టపు తంతుకొరకు వేచియుండక వెంటనే చికిత్స చేయవలెనని సుప్రీంకోర్టు 1989లో వైద్యులందరిని ఆదేశించినది. ఆసుపత్రివారు పోలీసులకు తెలుపవచ్చు ననుమాట నిజమే. కాని విచారణ నెదుర్కొనుటకైనను మనిషి బ్రతికి యుండవలెను గదా!

పుచ్చుకొనకుండుటయే క్షేమము. పుచ్చుకొన్నవాడు మీ ఎదుట నున్నచో అతనిని ఒంటరిగా విడువకుడు. మేడ అంచునుండి, వాహనమునుండి దూరముగా, సద్దులేని చోట కూర్చుండబెట్టి మెల్లగా మాటలాడుడు. తిట్టకుడు, కట్టివేయకుడు, సారాయి గాని, వేరు మాత్రలు గాని ఇయ్యకుడు. ఒడలు కాలుచున్నను, మూర్ఛ వచ్చినను, లేపిన లేవకున్నను 108కి ఫోను చేయుడు. తెలివి లేనివానిని ప్రక్కకు ఒత్తిగిల్లి పరుండబెట్టుడు. నోటిలో ఏమియు పోయకుడు. ఏమి మ్రింగెనో, ఎప్పుడు మ్రింగెనో వైద్యునికి దాచక చెప్పుడు. వ్యసనము మాన్పుటకు సలహా కావలసినవారు 14446కు ఫోను చేయవచ్చును; దానికి రుసుము లేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆపద కలిగిన రాత్రి పిల్లవాడు ముందుగా మీకే ఫోను చేయగలిగినంత చనువు అతనికి నేడే ఇయ్యుడు. మందలింపు మరునాటికి ఆగగలదు, వైద్యము ఆగలేదు.