కారులో ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించే ముందు పాత స్టీరియో ఏమేం పనులు చేస్తుందో రాసుకోండి

ఇవాళ కెమెరా తోటలోనే పెట్టాను. నూజివీడు చుట్టుపక్కల రసాల కోతలు జోరుగా నడుస్తున్నాయి, వెనకాల ట్రేల చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి. చిక్కం కర్ర పట్టుకున్నవాళ్ళని వీడియో కోసం ఆగమనడం నా వల్ల కాదు.

కారులో కంపెనీ ఇచ్చిన స్టీరియో తీసేసి, నావిగేషన్ వచ్చే పెద్ద ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించుకోవడం గురించి ఈ ఎపిసోడ్. ఏ బ్రాండ్ కొనాలి, ఎంత ర్యామ్ ఉండాలి అనేది చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి, నేను దాని జోలికి వెళ్ళట్లేదు. పాత స్టీరియో తీసేశాక కారులో ముందు నుంచీ ఉన్న ఫీచర్లు ఏమవుతాయి, వాటిని ఎలా కాపాడుకోవాలి అనేదే మాట్లాడదాం.

ముందు ఒక మాట. మీ కారులో ఇప్పటికే ఆండ్రాయిడ్ ఆటో గానీ కార్‌ప్లే గానీ ఉంటే, నావిగేషన్ కోసం స్టీరియో మార్చాల్సిన పనే లేదు. కేబుల్ చికాకు అనిపిస్తే వైర్‌లెస్ డాంగిల్ ఒకటి తగిలించుకోండి, అయిపోయింది. ఈ వీడియో బేస్ వేరియంటో, మిడిల్ వేరియంటో కొని, ఎఫ్ఎం, యూఎస్‌బీ మాత్రమే ఉన్న మామూలు స్టీరియోతో నెట్టుకొస్తున్నవాళ్ళకి.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక రూల్ ఉండేది. పాత సర్వీస్ ఏదైనా డిలీట్ చేసే ముందు దాన్ని ఎవరెవరు వాడుతున్నారో చూడాలి. చూడకుండా తీసేస్తే మన స్క్రీన్ మీద ఎర్రర్ ఏమీ రాదు, ఎక్కడో ఇంకెవరిదో పని ఆగిపోతుంది. కారు స్టీరియో కూడా అంతే. అది పాటలు పాడే డబ్బా అనుకుంటాం గానీ, చాలా కార్లలో అదొక జంక్షన్. స్టీరింగ్ మీద బటన్లు దానికే వస్తాయి, రివర్స్ కెమెరా దానికే వస్తుంది, కొన్ని కార్లలో వార్నింగ్ బీప్ కూడా స్టీరియో స్పీకర్లలోంచే వస్తుంది. హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు మూసేస్తే ఇబ్బంది పడేది జంక్షన్ వాళ్ళొక్కళ్ళేనా?

మా పెదనాన్న బండి సంగతి చెప్తాను. ఏడు సీట్ల బండి. మోడల్ పేరు కావాలనే చెప్పట్లేదు, ఎందుకంటే ఒకే మోడల్‌లో కూడా వేరియంట్‌ని బట్టి, తయారైన సంవత్సరాన్ని బట్టి వెనక కప్లర్ మారిపోతుంది. పేరు చెప్తే మీరు అదే ఆర్డర్ పెట్టేస్తారు. కోతల టైంలో ఆయన రోజుకి నాలుగైదు తోటలు తిరగాలి. ఆగిరిపల్లి వైపు ఒకటి, ముసునూరు వైపు ఒకటి, మధ్యలో నున్న మార్కెట్‌కి వెళ్ళి రావాలి. దారులు కొత్త డ్రైవర్‌కి కూడా తెలియాలని పెద్ద స్క్రీన్ పెట్టించారు. షాపు వాడు గంటన్నరలో బిగించేశాడు. మ్యాప్ వచ్చింది, పాట వచ్చింది, కెమెరా కూడా వచ్చింది. అందరూ హ్యాపీ.

మూడో రోజు తోటలో బండి వెనక్కి తీస్తుంటే ట్రేల వరస మీదకి ఎక్కింది. నాలుగు ట్రేల చిన్న రసాలు రసమైపోయాయి. పెదనాన్న అన్న మాట ఒకటే: "బీప్ రాలేదురా." ఆయన ఎప్పుడూ చెవితోనే రివర్స్ చేస్తారు, మెడ తిప్పడం కష్టం. స్క్రీన్ మీద కెమెరా వస్తోంది గానీ, ఆకుల సందుల్లోంచి పడే ఎండలో ఆ స్క్రీన్ మీద ఆయనకేమీ కనపడదు. ఆ కారులో సెన్సార్ల బీప్ పాత స్టీరియో ద్వారా స్పీకర్లకి వెళ్ళేది. స్టీరియో పోయింది, బీప్ పోయింది. సెన్సార్లు మాత్రం బాగానే ఉన్నాయి, పాపం అవి చెప్తూనే ఉన్నాయి, వినేవాడే లేడు.

ట్రేలు కాబట్టి సరిపోయింది. కాపలా పాక ముందు, బండి నిలిపే చోటే, కోతకి వచ్చినవాళ్ళ పిల్లలు నీడలో పడుకుంటారు. తోటలున్న ఇళ్ళవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లన్నిటికీ రివర్స్ పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి. సీట్ బెల్ట్ రిమైండర్, 80 దాటితే మోగే స్పీడ్ అలర్ట్ కూడా ఆ రూల్‌లోనివే. బిల్లు కట్టే ముందు ఇవన్నీ మోగుతున్నాయో లేదో చూసుకోవాలి. పాట వస్తుందా లేదా అనేది తర్వాత చూసుకోవచ్చు.

సరే, వైరింగ్‌కి వద్దాం. స్టీరింగ్ బటన్లు రెండు రకాలు. పాత పద్ధతిలో ఒకటో రెండో వైర్లు ఉంటాయి, ఒక్కో బటన్ నొక్కితే ఒక్కో రెసిస్టెన్స్. బీటెక్ ఫస్ట్ ఇయర్ ల్యాబ్ గుర్తుందా, అదే. కొత్త స్క్రీన్ వెనక కీ 1, కీ 2 అని రెండు వైర్లు ఉంటాయి, వాటికి కలిపి సెట్టింగ్స్‌లో ఒక్కో బటన్ నొక్కి నేర్పించాలి. పది నిమిషాల పని. షాపు వాడు "మీ బండికి సపోర్ట్ లేదు సార్" అన్నాడంటే, చాలాసార్లు ఆ పది నిమిషాలు పెట్టడం ఇష్టం లేదని అర్థం.

రెండో రకం కాన్ బస్. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి ఇది. ప్రతి స్విచ్‌కీ ఒక వైర్ లాగకుండా, మెలేసిన రెండే రెండు వైర్ల మీద కారులోని కంప్యూటర్లన్నీ మెసేజ్‌లు పంపుకుంటాయి. వాట్సాప్ గ్రూప్ లాంటిదన్నమాట: అందరికీ అన్నీ వినపడతాయి, ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుంటారు. "తాళం తిప్పారు", "రివర్స్ గేర్ పడింది", "హెడ్‌లైట్ వేశారు", అన్నీ మెసేజ్‌లే. కొత్త స్క్రీన్‌కి ఆ భాష రాదు. మధ్యలో కాన్ బస్ డబ్బా అని చిన్న డీకోడర్ పెట్టాలి, అది మీ కారుకి తగ్గదే అయ్యుండాలి. సెట్టింగ్స్‌లో కంపెనీ, మోడల్, సంవత్సరం సరిగ్గా ఎంచుకోవాలి. ఆ సెట్టింగ్స్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది, షాపులోంచి బయటికి వచ్చేలోపు అడిగి రాసుకోండి.

డబ్బా ఖర్చు ఎందుకని కొందరు చేసే పని ఇంకొకటుంది, ఇది చాలా ప్రమాదం. స్క్రీన్‌కి పవర్ రెండు వైర్ల మీద వస్తుంది. పసుపు వైరు ఎప్పుడూ 12 వోల్టులు, మెమరీ కోసం. ఎరుపు వైరు తాళం తిప్పినప్పుడే. కాన్ బస్ కార్లలో చాలావాటికి స్టీరియో వెనక ఆ ఎరుపు సిగ్నల్ విడిగా ఉండదు, మెసేజ్ రూపంలో వస్తుంది. దొరక్కపోతే ఏం చేస్తారంటే, ఎరుపునీ పసుపునీ కలిపి మెలేసి టేపు చుట్టేస్తారు. స్క్రీన్ ఆన్ అవుతుంది, మీరు డబ్బులిస్తారు. కానీ అది ఇంక ఎప్పటికీ నిద్రపోదు. డిస్‌ప్లే నల్లగా కనిపించినా లోపల మెలకువగానే ఉంటుంది.

లెక్క వేద్దాం. లోపల ఒక ఆంపియర్ లాగుతోందనుకోండి. రోజుకి 24 ఆంపియర్ అవర్స్. చిన్న కార్లలో బ్యాటరీ 35 దగ్గర ఉంటుంది. రెండు రోజులు తోటలో నిలిపేస్తే మూడో రోజు తాళం తిప్పితే టిక్ టిక్ అంటుంది, అంతే. రాత్రి పూట కాపలా పాకలో ఎవరికైనా పాము కరిచి, ఉన్న ఒక్క బండీ స్టార్ట్ కాకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. మల్టీమీటర్ ఉన్నవాళ్ళు కారు లాక్ చేసి అరగంట ఆగి, బ్యాటరీ నెగటివ్‌కి సిరీస్‌లో 10 ఆంపియర్ రేంజ్‌లో పెట్టి చూడండి. మీటర్ అలా ఉండగా స్టార్ట్ మాత్రం చెయ్యకండి, ఫ్యూజ్ పోతుంది. 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే మామూలే. అంతకంటే బాగా ఎక్కువుంటే షాపుకి వెళ్ళి కూర్చోండి.

కెమెరా విషయం త్వరగా చెప్పేస్తాను. కొన్ని ఫ్యాక్టరీ కెమెరాలు 12 వోల్టులతో కాదు, 6 వోల్టులతో నడుస్తాయి. కొత్త స్క్రీన్ నుంచి నేరుగా 12 ఇస్తే కాలిపోతుంది. సిగ్నల్ రకం కూడా కలవాలి, సీవీబీఎస్ కెమెరాకి సెట్టింగ్స్‌లో ఏహెచ్‌డీ అని ఉంటే నల్ల తెరే వస్తుంది. ఎఫ్ఎం సరిగ్గా రాకపోతే యాంటెనా యాంప్లిఫయర్‌కి పవర్ ఇచ్చే నీలం వైరు కలపలేదేమో చూడండి. ఇక గోధుమ రంగు హ్యాండ్‌బ్రేక్ వైరు. దాన్ని బాడీకి ఎర్త్ చేసేస్తే బండి నడుస్తున్నా సినిమా ఆడుతుంది. "చేసెయ్యమంటారా సార్" అని వాళ్ళే అడుగుతారు. వద్దనండి. స్టీరింగ్ కింద పసుపు తొడుగున్న కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి మీద ఎవరి చెయ్యీ పడనివ్వకండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి.

వైర్లు కత్తిరించడం గురించి కూడా చెప్పాలి. మీ కారు కప్లర్‌కి సరిపోయే హార్నెస్ బయట దొరుకుతుంది, ఒరిజినల్ వైరు ఒక్కటి కూడా కొయ్యక్కర్లేదు. కోసి టేపు వేస్తే వారంటీ మాట్లాడే హక్కు పోతుంది, రేపు పాత స్టీరియో తిరిగి పెట్టి బండి అమ్ముకునే దారీ పోతుంది. స్క్రీన్ ఖరీదైనదైతే ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పి ఎలక్ట్రానిక్ ఫిట్టింగ్స్ కింద పాలసీలో రాయించుకోండి.

ఇంతా చేసి నావిగేషన్ మన తోటల్లో పనిచేస్తుందా? చేస్తుంది, చిన్న షరతుతో. జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు, ఉపగ్రహాల నుంచి వచ్చేది వినడమే. మ్యాప్ బొమ్మకే నెట్ కావాలి. కాబట్టి నూజివీడు, విస్సన్నపేట, మైలవరం అంతా కలిపి ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దింపుకోండి. నెట్ లేకుండా మొదటిసారి లొకేషన్ పట్టాలంటే ఉపగ్రహం నుంచే వివరాలు రావాలి, అవి ప్రతి 30 సెకన్లకోసారి తిరిగొస్తాయి. బంగినపల్లి చెట్ల గుబురు కింద నిలబడి స్టార్ట్ చేస్తే ఆ సిగ్నల్ మధ్యలో తెగి మళ్ళీ మొదలవుతుంది. బండి కాస్త బయటికి తీసి ఒక నిమిషం ఆగండి. జీపీఎస్ యాంటెనా అని నల్లగా చిన్న బిళ్ళ ఇస్తారు. చాలామంది దాన్ని డ్యాష్‌బోర్డ్ లోపల స్క్రీన్ వెనకే పడేస్తారు, చుట్టూ ఇనుమే. అద్దం దగ్గర, ఆకాశం కనపడేలా పెట్టించండి. తోటలకి అడ్రస్ ఉండదు కాబట్టి గేటు దగ్గర పిన్ వేసి సేవ్ చేసుకోండి, "పెద్ద తోట, బోరు దగ్గర" అని మీ భాషలోనే పేరు పెట్టుకోండి.

పెదనాన్న బండికి చివరికి చేసింది చాలా చిన్న పని. ఆ కారు కాన్ బస్ భాష తెలిసిన డబ్బా తెప్పించి పెట్టాం, రివర్స్ బీప్ మళ్ళీ స్పీకర్లలోంచి వచ్చింది. అది కుదరని బండ్లకి వెనక వైపు విడిగా సెన్సార్ల సెట్టు, దాని సొంత బజర్‌తో పెట్టుకోవచ్చు. అప్పుడు స్క్రీన్ ఉన్నా పోయినా అది మోగుతుంది. నన్నడిగితే తోటల్లో తిరిగే బండికి రెండోదే మేలు.

షాపుకి వెళ్ళే ముందు రోజు ఒక పని చేయండి. కారులో కూర్చుని ఫోన్‌లో వీడియో తీసుకోండి: రివర్స్ వేసి బీప్, కెమెరా గీతలు, స్టీరింగ్ మీద ప్రతి బటన్, లైటు వేస్తే స్టీరియో వెలుగు తగ్గడం, తలుపు తీస్తే వచ్చే శబ్దం, కాల్ మాట్లాడితే అవతలివాళ్ళకి ఎలా వినపడుతోందో. బిగించాక అదే వరసలో, అదే వీడియో చూస్తూ, షాపు ముందే మళ్ళీ చేయండి. ఏదైనా తేడా ఉంటే డబ్బులు మీ జేబులోనే ఉన్నాయి కదా.

వచ్చే ఎపిసోడ్‌లో డ్యాష్‌క్యామ్ పవర్ ఫ్యూజ్ బాక్స్ నుంచి ఎలా తీసుకోవాలో చూద్దాం. ఈలోపు వర్షం పడకపోతే బాగుండు, ఇంకా సగం తోట కొయ్యాలి. ఉంటానండి.