ఒప్పచెప్పిన పాఠము
(పదవ తరగతి జీవశాస్త్ర పరీక్షకు సిద్ధపడుటను గూర్చి కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



మేము ఉపాధ్యాయులము కాము. ప్రభుత్వ కార్యక్రమములను గ్రామములకు తెలియజెప్పుట మా ఉద్యోగము. ఆ పనిమీద సాయంకాలములందు పల్లెలలో తిరుగునపుడు, సంక్రాంతి దాటినది మొదలు ఒక ధ్వని మా చెవిని బడుచుండును. అది అరుగులమీద కూర్చున్న పిల్లల చదువు. క్రిందటి సంవత్సరము ఒక లంక గ్రామమున ఒక బాలిక జీవశాస్త్రము చదువుచుండగా మేము ప్రక్కన నిలిచి వింటిమి. ఆకులలోని నీరు పత్రరంధ్రముల గుండ ఆవిరిగా పోవుటను బాష్పోత్సేకము అందురను వాక్యమును ఆమె పదునెనిమిది మారులు చదివినది. మేము లెక్కపెట్టితిమి. పిమ్మట పుస్తకము మూయించి, ‘అమ్మా, ఆ నీరు ఆకునుండి ఏ దారిన పోవును?’ అని అడిగితిమి. ఆమె తలవంచుకొనెను.

తల్లి గుమ్మములోనికి వచ్చి మాతో అన్న మాటలు ఇవి: ‘మాకు అక్షరం ముక్క రాదండి బాబూ. రాత్రి పదింటిదాకా చదువుతానే ఉంటదండి. మొన్న పరీక్షలో సైన్సు పోయిందండి. ఈసారి కూడా తప్పితే రొయ్యల షెడ్డుకి పంపేద్దాం అంటన్నారండి వాళ్ళ నాన్న.’

ఆ మాట విన్న తరువాత మాకు ఆ రాత్రి నిదురపట్టలేదు. బాలిక సోమరి కాదు, తెలివి తక్కువది కాదు. పని చేయుచున్నది, ఫలితము మాత్రము దక్కుటలేదు. ఏతాము త్రొక్కినను నీరు మడిలోనికి పారక గండిలోనుండి పోవుచున్నదన్నమాట. ఆ గండి ఎచట పడినదో చూపుటకే మేము నేడు మీ ముందు నిలిచితిమి.

మన పెద్దలు చదువుకొన్న వీధిబడులను గుర్తు చేసికొనుడు. అచట పాఠము చదివినంత మాత్రమున పని ముగియలేదు. పంతులుగారి యెదుట నిలబడి, పుస్తకము చూడకుండ ఒప్పచెప్పవలెను. ఒప్పచెప్పనివానికి కోదండము సిద్ధముగా నుండెడిది. ఆ కోదండమును మేము సమర్థింపము. అది పోవుటయే మేలు. అయితే దానితోపాటు ఒప్పచెప్పుట కూడ మన యిండ్లనుండి పోయినది. నేడు పిల్లలు చదివినదే చదువుచున్నారు, గీత గీసిన వాక్యము క్రిందనే మరల గీత గీయుచున్నారు. మాటి మాటికి చూచుటవలన పుట యంతయు పరిచయమైన ముఖమువలె కనబడును. పరిచయమైనదంతయు వచ్చినదని మనస్సు భ్రమపడును. సంతలో ప్రతివారము ఎదురుపడు మనిషి ముఖము మనకు తెలియును గాని, పేరడిగిన చెప్పలేము. ఇదియు అట్టిదే.

ఈ సంగతిని శాస్త్రజ్ఞులు పరీక్షించియే చూచిరి. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోడిగర్, కార్పికి అను ఇరువురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ ప్రయోగ ఫలితములను ప్రకటించిరి. విద్యార్థులలో ఒక వర్గము ఒక వ్యాసమును నాలుగు విడతలు చదివినది. మరియొక వర్గము ఒక విడత మాత్రము చదివి, తక్కిన మూడు విడతలు కాగితము చూడక గుర్తున్నదంతయు వ్రాసినది. ఐదు నిమిషముల తరువాత అడిగినపుడు నాలుగు విడతలు చదివినవారిదే పైచేయి. వారము దినములు గడచిన పిదప అడుగగా వారికి నూటికి 40 పాళ్ళు మాత్రమే గుర్తుండినవి. చూడక వ్రాసినవారికి 61 పాళ్ళు గుర్తుండినవి. పరీక్ష ఐదు నిమిషములలో జరుగునది కాదు గదా! వీధిబడి పంతులుగారికి ఈ లెక్కలు తెలియవు, పద్ధతి మాత్రము తెలిసియుండెను.

ఇక మరపు సంగతి. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అర్థములేని అక్షరముల కూర్పులను తానే కంఠస్థము చేసి, ఎంత కాలమునకు ఎంత మరచుచున్నాడో తనమీదనే పరీక్షించుకొని 1885లో గ్రంథము వ్రాసెను. నేర్చిన మొదటి గంటలలో, మొదటి దినమున మరపు వేగముగ సాగును, పిదప నెమ్మదించును. కనుక ఒక పాఠమును ఒకే రాత్రి పదిమారులు చదువుటకంటె, ఈ సాయంకాలమొకమారు, రేపొకమారు, నాలుగవ దినమున ఒకమారు, పదవ దినమున ఒకమారు ఒప్పచెప్పుట మేలు. గోడ కాలెండరులో ఆ తేదీలవద్ద పాఠము పేరు వ్రాసికొనుడు. ఇందుకు వేరే ఖర్చు లేదు.

కాని ఒప్పచెప్పుట యనగా చిలుక పలుకులు పలుకుట కాదు. జీవశాస్త్రమున ప్రతి మాటకు వెనుక ఒక వస్తువు, ఒక పని ఉండును. పేరు పట్టుకొని పనిని వదలినచో పేరు కూడ నిలువదు. ఈ విషయమున మన డెల్టా పిల్లలకు ఉన్న భాగ్యము పట్టణపు పిల్లలకు లేదని మా నమ్మకము. పాఠ్యపుస్తకములో సగము మన పెరటిలోనే యున్నది.

ఒక ఉదాహరణము చెప్పెదము. ‘మొక్కలు పగలు మాత్రమే శ్వాసించునా, రాత్రియు శ్వాసించునా?’ అను ప్రశ్నకు పెక్కుమంది పిల్లలు తప్పు వ్రాయుదురు. పగలు ప్రాణవాయువును విడుచును, రాత్రి పీల్చును అని వ్రాసి ఊరకొందురు. చేపల చెరువు కాపలా కాయు తండ్రిని అడుగుడు. వేకువజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచుండును. రైతు గుండె జల్లుమనును, ఏరేటర్లు త్రిప్పించును. అపుడే ఎందుకు? చెరువు నీటిలో కంటికి ఆనని పచ్చని శైవలములు కోట్లకొలది కలవు. ఎండ ఉన్నంతసేపు అవి కిరణజన్య సంయోగక్రియ జరిపి నీటికి ఆక్సిజనును అందించును. ప్రొద్దు క్రుంకిన పిదప ఆ పని ఆగిపోవును. కాని శ్వాసక్రియ ఆగదు. శైవలములు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నియు రాత్రియంతయు ఆక్సిజనును వాడుకొనుచునే యుండును. అందువలన సూర్యోదయమునకు ముందు అది మిక్కిలి తగ్గిపోవును. ముందు దినము మబ్బు పట్టినచో ప్రమాదము మరింత. మొక్కలు పగలును రాత్రియు శ్వాసించును, సంయోగక్రియకు మాత్రము వెలుగు కావలెను అను రెండు ముక్కలు ఆ చెరువుగట్టున నిలబడినవాడు జన్మలో మరువడు. భీమవరము, కైకలూరు ప్రాంతముల రైతులు ఇందుకు విద్యుత్తు బిల్లుల రూపమున రుసుము చెల్లించుచున్నారు. పిల్లలకు ఉచితము.

అట్లే శాఖీయ ప్రత్యుత్పత్తి పాఠము వచ్చినపుడు కడియము నర్సరీలలో అంటుకట్టువారి చేతులను చూడుడు. శ్వాసవేళ్ళు అను మాట వచ్చినపుడు కోరంగి మడ అడవిలో బురదనుండి మేకులవలె పైకి నిలిచిన వేళ్ళను తలచుకొనుడు. పుష్పభాగములకు పెరటి మందారము చాలును.

గుండె పాఠమునకు మాత్రము కొంచెము ఆగవలెను. ఏలయన, పిల్లలు పదేపదే తడబడునది అచటనే. మంచి రక్తము ధమనులలో, చెడు రక్తము సిరలలో అని కంఠస్థము చేయుదురు. పుపుస ధమని వద్దకు వచ్చునప్పటికి ఆ లెక్క తప్పును. గుండెనుండి వెలుపలికి తీసికొనిపోవునది ధమని, గుండెకు తెచ్చునది సిర. ఇంతే. పుపుస ధమని ఆక్సిజను తక్కువగానున్న రక్తమును ఊపిరితిత్తులకు తీసికొనిపోవును గనుక అది ధమనియే. శరీరమునుండి కుడి కర్ణికకు, అచటనుండి కుడి జఠరికకు, ఊపిరితిత్తులకు, మరలి ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు, బృహద్ధమనికి. ఈ దారిని వ్రేలితో గాలిలో గీయుచు చెప్పుడు. కవాటములు ఏల అని అడిగినచో, సముద్రతీరపు మురుగు కాలువల చివర కట్టిన తూముల తలుపులను చూపుడు. లోపలి నీరు త్రోసినపుడు అవి తెరచుకొనును, పోటునీరు ఎగదన్నినపుడు మూసికొనును. పోలిక అంతవరకే. కాలువనీరు సముద్రమున కలిసిపోవును, రక్తము తిరిగి గుండెకే వచ్చును. పోలిక ఎచట కుదురునో, ఎచట కుదరదో రెండును చెప్పగలిగిన పిల్లవానికి పాఠము వచ్చినట్లే.

బొమ్మలు వేయుట రాదని కొందరు భయపడుదురు. తల్లులారా, ఈ విషయమున మీరే గురువులు. సంక్రాంతికి ఇరువదియొక్క చుక్కల ముగ్గును ఏ పుస్తకము చూచి పెట్టితిరి? ముందు చుక్కలు, తరువాత గీతలు. నిన్నటి ముగ్గు చెరిపి నేడు మరల పెట్టుటవలన చేయి నేర్చినది. మూత్రపిండపు నెఫ్రాన్‌నైనను, గుండె నిలువుకోతనైనను పిల్లలు అట్లే నేర్వవలెను. పలకమీద చూడక వేసి, పుస్తకముతో సరిచూచుకొని, చెరిపి, మరునాడు మరల వేయవలెను. రంగులు అక్కరలేదు. భాగముల పేర్లు సరియైన చోట ఉండవలెను.

మీకు అక్షరములు రావన్న చింత వలదు. బిడ్డ పుస్తకము మూసి మీకు చెప్పునపుడు మీరు చేయవలసిన పని ‘ఎందుకు?’ అని అడుగుట. బిడ్డ ‘అదే, అదే’ అని నసుగునచోట ఆపుడు. అచటనే గండి యున్నది. బొమ్మ వేసినపుడు పుస్తకపు బొమ్మను ప్రక్కన పెట్టి, గదులు ఎన్ని, బాణపు గురుతులు ఎటు చూచుచున్నవి అని పోల్చుడు. అందుకు చదువు రానక్కరలేదు, కన్నులు చాలును.

ఇంగ్లీషు మాధ్యమపు పిల్లలకు ఒక మాట. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ముద్రించిన పుస్తకములు మన రాష్ట్రమున 2020 నుండి వచ్చినవి. అట్టివి మీ చేత నున్నచో ముందు తెలుగు పుట చదివి సంగతి గ్రహించి, పిదప ఇంగ్లీషు పేరును దానికి తగిలించుడు. సంగతి తెలియక పేరు వల్లించుట, ఏల వేసితిమో మరచిన కొంగుముడి వంటిది.

గైడ్లను మేము తిట్టబోము. వాటిలోని ప్రశ్నలను వాడుకొనుడు, జవాబులను మూసియుంచుడు. రాత్రియంతయు మేలుకొనుట మాత్రము వలదు. పగలు నేర్చినది నిద్రలోనే మెదడున కుదురుకొనునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నాలుగు గంటలకు లేపు తండ్రులు తొమ్మిది గంటలకు టెలివిజను ఆపవలసియుండును. తమ ధారావాహికలను కూడ.

పరీక్ష తప్పినవారి మాట కూడ చెప్పవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు రాజమహేంద్రవరమున చదివి, మెట్రిక్యులేషనును చెన్నపట్టణమున మూడవ ప్రయత్నమున గాని దాటలేదు. అదే సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి కండరములలో ఏ.టి.పి. అను పదార్థమును గుర్తించి 1929లో ప్రకటించిరి. మీ శ్వాసక్రియ పాఠములో కణమునకు శక్తి నాణెమని చదువుచున్నది దానినే. తప్పినవారందరు సుబ్బారావులగుదురని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పి ఓదార్చుట మాకు నచ్చదు. కాని ఒకమారు తప్పిన బిడ్డను మరునాడే పనికి పంపు తండ్రి, రెండవమారు అడుగవలసిన ప్రశ్న అడుగకయే విడిచిపెట్టుచున్నాడు. ఫలితములు వచ్చిన కొలది వారములలోనే సప్లిమెంటరీ పరీక్షలు జరుగుచున్నవి. ఆ వారములు రొయ్యల షెడ్డుకు కాదు, పలకకు ఇయ్యవలసినవి.

ఆ లంక గ్రామపు బాలికను గూర్చి మీరు అడుగుదురని ఎరుగుదుము. ఆ మరునాటినుండి ఆమె తల్లికి పాఠము ఒప్పచెప్పసాగెను. తల్లి అన్నము వండుచు వినెడిది. కుండమీది మూత క్రింద పట్టిన చెమటను చూపి, ‘ఆకు చెమట అంటే ఇదేనా?’ అని ఆ తల్లి అడిగినదట. మూతకు పట్టినది ఆవిరి చల్లబడి నీరైనది, ఆకునుండి పోవునది నీరు ఆవిరియైనది అని బాలిక సరిదిద్దవలసివచ్చినది. సరిదిద్దుటలో ఆమెకు వచ్చినది. విజ్ఞానశాస్త్రమున కావలసిన 35 మార్కులకంటె ఎక్కువే తెచ్చుకొనినది. ఇపుడు ఇంటర్మీడియటు చదువుచున్నది. జీవశాస్త్రము తీసికొనలేదు, లెక్కలు తీసికొన్నది. అది ఆమె ఇష్టము.

మీ ప్రధానోపాధ్యాయులవారు సోమవారమునుండి సాయంకాలము ఆరు గంటలకు ఈ హాలు తెరిపింతుమని మాకు తెలియజేసిరి. పిల్లలు పలక, బలపము, పుస్తకము తెచ్చుకొనవలెను. ఫోనులు ఇంటివద్దనే ఉంచవలెను. రోజుకు నలుగురు తల్లులు వంతులవారీగ వచ్చి వినవలెను, ఎనిమిది గంటలకు ఆడపిల్లలను ఇండ్లకు చేర్చవలెను. మొదటి దినపు పాఠము గుండె. ముందుగ ఎవరు ఒప్పచెప్పవలెనో చీటీలు వేసి నిర్ణయింతురట.