కొయ్య ఓడ నేర్పే చదువు
(అమృతోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)

 

టేకల్ రాతిగుట్టల నడుమ పెరిగే పిల్లలకు కొయ్య ఓడల నమూనాలు చేసే అభిరుచి ఎందుకని కొందరు అడుగవచ్చు. సముద్రం మనకు దూరమే గాని, ఓడ తెలుగువారికి దూరం కాదు. శాతవాహనులు తమ నాణేలపై రెండు స్తంభాల ఓడను ముద్రించారు. గోదావరి పాయ ఒడ్డున కోరంగి కొయ్య ఓడల నిర్మాణానికి పేరెన్నికగన్న రేవు. 1789, 1839 సంవత్సరాల తుపానులు దానిని కోలుకోలేని దెబ్బ తీశాయి.

నమూనాకు లెక్క మొదటి మెట్టు. 24 మీటర్ల ఓడను 48వ వంతుకు తగ్గిస్తే 50 సెంటీమీటర్లవుతుంది. అడుగున వెన్నెముక వంటి దూలం, దానిపై పక్కటెముకల వంటి వంపుకొయ్యలు, వాటిమీద నీటిలో నానబెట్టి వంచిన సన్నని పలకలు అమర్చాలి. పలకలను రెండు వైపులా మార్చి మార్చి అతికించాలి. ఒకవైపే ముందుగా ముగిస్తే ఓడ మెలితిరుగుతుంది. తొందరపాటును కొయ్య సహించదు.

ఇంతకన్న ముఖ్యమైనది భాష. చుక్కాని, లంగరు, తెరచాప మన పిల్లలకు మార్కుల కోసం వల్లించే మాటలు. చుక్కానిని స్వయంగా చెక్కి అమర్చిన బాలికకు ఆ మాట మరపురాదు. పని పోయిన చోట దాని మాటలూ పోతాయి. మాతృభాషలో చదువు నిలవాలంటే మాట వెనుక వస్తువు, వస్తువు వెనుక చేతిపని ఉండాలి.

తల్లిదండ్రులారా! పరీక్షల భయంతో పిల్లల చేతినుండి ఉలిని, ఆకురాయిని లాగివేయకండి. వారానికి ఒక గంట ఆ పనికి విడిచిపెట్టండి. అదీ చదువే.