మన కళాదర్శనయాత్రలు

(వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



మన సంఘమునకు అనుబంధముగా నగరమునందు నడచుచున్న సభ్యమండలి పక్షమున, కళాదర్శనయాత్రలను గూర్చి నాలుగు మాటలు విన్నవింపవలసినదిగా ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. నూలుధరలు, విద్యార్థివసతిగృహము, సహకారసంఘముల బాకీలు మున్నగు విషయములతో నిండిన ఈ కార్యక్రమములో గుళ్లు, గోపురములు, చిత్రశాలలు చూచివచ్చు సంగతికి చోటెక్కడిదని కొందఱు పెద్దలు సందేహించిరని వింటిమి. ఆ సందేహము సహజమే. లోకములో యాత్రలు జరుగు తీరు అట్లున్నది. చందాదారులు పదిమంది చేరి బస్సు కుదుర్చుకొందురు. పులిహోర పొట్లములు కట్టించుకొందురు. ఒక్క దినములో నాలుగు స్థలములు చుట్టి, ప్రతిచోటను వరుసగా నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొని, అలసి ఇల్లు చేరుదురు. అది విహారము. విహారమును మేము నిందింపము. సంవత్సరమంతయు లెక్కలలో మునిగియుండువారికి అదియును కావలసినదే. కాని నేతవృత్తితో పుట్టి పెరిగిన మనవంటివారికి కళాదర్శనము వేఱొక పని. అది ఒకవిధముగా మన ఆస్తి పత్రములను చదువుకొనుటవంటిది.

దీనికి దృష్టాంతముగా లేపాక్షిని చెప్పెదము. ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో, హిందూపురమునకు సమీపమున నున్న ఆ వీరభద్రాలయము క్రీస్తుశకము 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలమున, పెనుగొండలో అధికారులుగా నుండిన విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులచే కట్టింపబడినది. 2022వ సంవత్సరమున ప్రపంచ వారసత్వస్థలముల తాత్కాలిక జాబితాలో దానికి స్థానము లభించినది. అక్కడికి పోవువారందఱును మొదట చూచునది నేల కానని స్తంభము. దాని క్రిందుగా ఒక తువ్వాలునో, చీరచెఱగునో ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు లాగి, ఆశ్చర్యపడి, ముందునకు సాగిపోవుదురు. పిమ్మట మార్గదర్శకుడు విరూపణ్ణ కన్నుల కథ చెప్పి, గోడమీది ఎఱ్ఱని మరకలు చూపును. కథ వినవచ్చును, తప్పులేదు. అయితే గుడ్డను క్రిందుగా లాగుచున్న ఆ జనమునకు తలపైన నున్న గుడ్డ కనబడదు! పైకప్పు నిండ వర్ణచిత్రములు గలవు. కిరాతార్జునీయము, పార్వతీకల్యాణము మున్నగు కథలు వానిలో వ్రాయబడినవి. సున్నపు పూతపై కావిరంగు, పసుపుమన్ను, మసినలుపు, ఆకుపచ్చ, ఇట్టి కొలదిపాటి రంగులతోనే ఆ చిత్రకారులు ఎన్ని చీరలు చూపిరో! గళ్లచీరలు, చారల చీరలు, పూలచీరలు; అంచు ఒక రంగు, ఒడలు మఱియొక రంగు; కొంగు వ్రేలాడు తీరు; పురుషుల పొడవైన కుళ్లాయిలు, ఉత్తరీయములు. ఐదువందల యేండ్లకు పూర్వము మన మగ్గములనుండి దిగిన వస్త్రములు నేడు మన చేతులలో లేవు. వాని రూపము మాత్రము ఆ కప్పుమీద నిలిచియున్నది.

మా మండలివారు ఒకసారి అచ్చటికి పోయినప్పుడు, ఒక సభ్యుని మేనమామగారు, డెబ్బది దాటిన వృద్ధులు, వెంట వచ్చిరి. ఆయన సభ్యులు కారు. జీవితమంతయు గుంటమగ్గములో కూర్చున్నవారు. తక్కినవారు మెడ పైకెత్తి రెండు నిమిషములు చూచి నొప్పి యని దింపుకొనగా, ఆయన భుజముమీది కండువా నేలపై పఱచుకొని, వెల్లకిల పరుండి, ఒక చిత్రమును చాలసేపు చూచుచుండిరి. మార్గదర్శకుడైన యువకుడు అవి అద్దకపు చీరలని చెప్పుచుండగా, ఆయన పరుండియే, "కాదు నాయనా! అద్దకమైతే రంగు అంచు గీటు దాటి ఎక్కడనో ఒకచోట ఒలుకును. ఇది చూడు, అంచు రంగు ఒడలిలోనికి రాలేదు, ఒడలి రంగు అంచులోనికి పోలేదు. మూడు నాడెలతో నేసిన చీర ఇది. ప్రక్కన నాడె విసరుటకు ఇంకొక పిల్లవాడుండవలెను" అనిరి. ఆ యువకుడు వినయవంతుడు. "తాతగారూ, నేను ఈ మాట వ్రాసికొందును" అని పుస్తకము తీసెను. అప్పటినుండి మాలో ఎవరును ఆ మండపములో నిలువుకాళ్లపై చూచి మఱలి రాలేదు. వెలుపలి ప్రాకారములో లతామండపమని పిలువబడు స్తంభముల వరుస కలదు. వానిపై చెక్కిన తీగెలు, పువ్వులు, పక్షులు చూచుటకు ఒక పూట చాలదు. అదే జిల్లాలోని ధర్మవరము పట్టుచీరల అంచులయందు ఆ తీగెల పోలికలు చూచి సంతోషింపని నేతగాడుండడు.

ఇంతకును మన నమూనాలను పరిశీలించుట ఎంత లాభకరమైన పనియో మనకు తెలియకున్నను ఇతరులకు చిరకాలము క్రిందటనే తెలిసినది. 1866వ సంవత్సరమున లండనులోని ఇండియా మ్యూజియము అధికారియైన జాన్ ఫోర్బ్స్ వాట్సన్ దొరగారు ఈ దేశపు వస్త్రములనుండి 700 తునకలు కత్తిరింపించి, 18 సంపుటములుగా అతికింపించి, అట్టివి 20 ప్రతులు సిద్ధముచేయించిరి. అందు 13 బ్రిటనులోనే ఉంచబడెను. 7 మన దేశమునకు వచ్చెను. ఇవి పుస్తకములు కావు, ఎత్తుకొనిపోదగిన మ్యూజియములు. ఈ దేశపు ప్రజలు ఏ గుడ్డ కట్టుదురో, ఎంత పొడవు, ఎంత పన్నా, ఎంత బరువు గలదో అక్కడి మిల్లుదారులు కూర్చున్నచోటనే తెలిసికొని, అట్టివి నేసి ఇక్కడికే పంపవలెనని ఉద్దేశము. అనగా మన కళను చూచుటకు వారు యాత్ర కూడ చేయలేదు. కళనే వారి బల్లమీదికి రప్పించుకొనిరి. మన తాతలు తమ నేతను తాము మఱచుచున్న దినములలో వారు దానిని వేలితో తాకి లెక్కపెట్టుచుండిరి. ఈ సంగతి మన యువకులకు చెప్పవలెనా, వద్దా?

నేడు మ్యాంచెస్టరు లేదు గాని దాని పని మఱియొకరు చేయుచున్నారు. పోచంపల్లి చిటికి నేత నమూనాలను మిల్లుగుడ్డపై అచ్చొత్తి, మగ్గపు ధరలో కొలదిభాగమునకు అంగళ్లలో అమ్ముచున్నారు. కొనువారికి భేదము తెలియదు. విచారమేమనగా, నగరములో పెరిగిన మన పిల్లలలో చాలమందికిని తెలియదు.

ఈ కారణముచేతనే అజంతాయాత్రను మేము పట్టుబట్టి కార్యక్రమములో చేర్చితిమి. అజంతా ఇప్పుడు మహారాష్ట్రములో నున్నను, 1956 వఱకు హైదరాబాదు రాజ్యముతోడి సంబంధము దానికుండెను. 1914లో ఏర్పడిన నిజాము పురావస్తుశాఖకు గులాం యజ్దానీగారు అధిపతియై, ఆ చిత్రములను కాపాడుటకై ఇటలీనుండి నిపుణులను రప్పించిరి. వాని ప్రతిరూపములను గొప్ప సంపుటములుగా ప్రకటించిరి. అచ్చటి గుహలలో, దాదాపు పదునైదువందల యేండ్లనాటి చిత్రములలో, నూలును ముందే కట్టి రంగులో ముంచి పిమ్మట నేసినట్లు కనబడు వస్త్రములున్నవి. గీటు చివర కొంచెము చెదరినట్లుండుట చూచి మన చిటికి పనివారు తమ పనిని గుర్తింతురు. ఆసుమీద నూలు త్రిప్పిన చేతులకే ఆ చెదరుట యేమో తెలియును.

ఒక చిన్న హెచ్చరిక: అజంతా సోమవారమునాడును, ఎల్లోరా మంగళవారమునాడును మూసియుందురు. ఈ మాట ముందు తెలియక దూరదేశమునుండి వచ్చి తలుపులు చూచి పోవువారిని మేము చూచితిమి.

మన భాగ్యనగరములోని సాలార్‌జంగ్ మ్యూజియమునకు దూరప్రయాణము లేదు. శుక్రవారము తప్ప ఏనాడైనను పోవచ్చును. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూగారిచే ప్రారంభింపబడి, 1968లో మూసీయొడ్డునగల ఇప్పటి భవనమునకు మారినది. అక్కడను లేపాక్షి స్తంభమువలెనే ఒక గడియారము కలదు. గంట కొట్టు బొమ్మను చూచుటకై వందలమంది కూడి, అది కొట్టగానే సగము మంది వెలుపలికి పోవుదురు. మేము మా సభ్యులను గడియారమునకు చివర తీసికొనిపోవుదుము.

అహమదాబాదులోని కాలికో వస్త్రప్రదర్శనశాలను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. 1949లో గౌతమ సారాభాయిగారును, వారి సోదరి గిరా సారాభాయిగారును దానిని స్థాపించిరి. గుజరాతు పటోలాలు, కాశీ పట్టులు, మన దేశపు కలంకారీ తెరలు అక్కడ చూడవచ్చును. ముందుగా అనుమతి పొందినవారిని కొలదిమంది చొప్పున వెంటబెట్టుకొని చూపుదురు, ఛాయాచిత్రములు తీయనీయరు. ఈ నియమములు కొందఱు సభ్యులకు కష్టముగా తోచును. మాకు మాత్రము అవియే ఆదర్శముగా తోచినవి. కాంతి తగిలిన కొలదిని రంగు వెలయుననియు, చేతి చెమట నూలును తినుననియు మగ్గమున్న యింటివారికి వేఱుగా చెప్పవలసిన పనిలేదు. కొలదిమంది యుండుటచేత ప్రశ్న వేయుటకు అవకాశముండును. నలువది మందికి ఒక మార్గదర్శకుడైనచో ముందున్న నలుగురు విందురు, వెనుకనున్నవారు బజారుధరలు మాటలాడుకొందురు.

మా అనుభవములో యాత్రకు పోవుటకు ముందు జరుగు కూటమి, యాత్రకంటె ముఖ్యమైనది. పోవు వారమునకు ముందు ఒక సాయంకాలము సభ్యులు కూడి, చూడబోవు స్థలమును గూర్చి తెలిసినవారిచే తెలుగున చెప్పించుకొనవలెను. ఒక దినమునకు ఒక్క స్థలమే. భోజనము ముందు ముగించుకొనవలెను. ఆకలితో శిల్పము కనబడదు. స్త్రీలను విడిచి పోరాదు. కండెలు చుట్టుట, ఆసు పోయుట, రంగు లద్దుట, ఇంటి మగ్గపు పనిలో సగము వారిదే గదా! సభ్యత్వము పురుషుల పేరనే యున్నదని వారిని ఇంటియొద్ద నుంచుట ఏ న్యాయమో మాకు తెలియదు.

ఇక అసలు విన్నపము. మన మండలి చందాదారుల సంస్థ. చందా చెల్లింపగలిగినవారు మగ్గము విడిచి వ్యాపారములలోను, ఉద్యోగములలోను స్థిరపడినవారు. మగ్గము విడువనివారు చందా చెల్లింపలేరు. కావున నేతను ఎఱిగినవాడు యాత్రలో లేడు, యాత్రలో నున్నవాడు నేతను ఎఱుగడు. ఆ వృద్ధులు లేపాక్షికి వచ్చుట యాదృచ్ఛికము. మేనల్లుని బండిలో ఒక చోటు మిగిలినది గనుక వచ్చిరి. ప్రతి యాత్రలోను అట్టి చోటు మిగులునని నమ్ముకొని కూర్చుందుమా? ప్రతి నలుగురు సభ్యులకు ఒక పనివాడో, పనిచేయు సోదరియో మనతో రావలెనని మేము తీర్మానము ప్రతిపాదించుచున్నాము. ప్రయాణపు ఖర్చు ఒక్కటి ఇచ్చిన చాలదు. మూడు దినములు మగ్గము నిలిచిన మూడు దినముల కూలి పోవును. యింట పొయ్యి చూచుకొనవలసిన వానికి అజంతా ఎంత అందమైనదైన నేమి? ఆ కూలి కూడ మండలియే చెల్లింపవలెను. ఇది దానము కాదు. పండితునకు సంభావన ఇచ్చినట్లు, మనకు చూపు నేర్పువానికి ఇచ్చు ప్రతిఫలము.

సభ్యులు కానివారిపై చందాసొమ్ము ఎట్లు వెచ్చింతురని కోశాధికారిగారు అడుగుదురు. అడుగుట వారి ధర్మము. అందుచేతనే చందాసొమ్మును ముట్టక, ప్రత్యేకనిధి యొకటి ఏర్పఱుపవలెనని పోషకమహాశయులను వేడుచున్నాము. కల్యాణమండపమునకు పాలరాయి పఱపించిన దాతలు మనలో నున్నారు. ఒక గదికి పఱచు రాతి వెలలో ఎందఱు పనివారు అహమదాబాదు పోయి రాగలరో లెక్కకట్టి, ఆ కాగితమును మేము వెంట తెచ్చితిమి. సభానంతరము కోరినవారికి చూపెదము.

తీర్మానము మధ్యాహ్నపు సమావేశమునకు వచ్చును. తరువాతి యాత్ర లేపాక్షికే. రాదలచిన సభ్యులును, తమ గ్రామమునుండి పనివారిని పంపదలచిన శాఖాసంఘములవారును పేర్లను కార్యదర్శిగారికి నేడే వ్రాసి ఇయ్యవలెను. ఒక్కొక్కరు ఒక దుప్పటి తెచ్చుకొనవలెను. మండపము రాతినేల ప్రొద్దుట చల్లగా నుండును, అక్కడ చాలసేపు పరుండవలసి యుండును.